ప్రాలీన్ మిఠాయి ఎన్నాళ్లు నిలువ ఉంటుంది?



అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కాపురముంటున్న తన కుమార్తె క్రిస్మస్‌కు వస్తూ, స్వయంగా చేసిన ప్రాలీన్లు ఒక డబ్బా నిండా తెచ్చిందనీ, సంక్రాంతి దాటినా సగం అలాగే ఉన్నాయనీ ఒక సహోదరి వ్రాశారు. అవి అసలేమిటి, ఇప్పుడు మనవలకు పెట్టవచ్చా అని వారి ప్రశ్న. పారవేయడానికి మనసొప్పడం లేదని కూడా చివర్లో వ్రాశారు. కూతురు పొయ్యి దగ్గర నిలబడి చేసినది గనుక ఎవరికైనా అలాగే ఉంటుంది.

సహోదరిగారూ, పిల్లలకు పెట్టకండి. లూసియానాలో చేసే ప్రాలీన్‌లో పాలు, వెన్న, నూనెగింజలు ఉంటాయి. ఇంట్లో చేసినది గాలి చొరని డబ్బాలో ఒక వారం బాగుంటుంది, మహా అయితే రెండు వారాలు. మీ దగ్గర ఉన్నవాటికి నెల దాటింది. పైకి బూజు కనబడకపోయినా గింజలోని నూనె పాతబడి ఉంటుంది. ఒకటి విరిచి వాసన చూడండి. పాత నూనె వాసన వచ్చినా, నాలుకకు చేదు తగిలినా ఇక సందేహమే అక్కర లేదు.

ఈ పేరుతో మూడు వేర్వేరు మిఠాయిలున్నాయి. అందుకే ఒకరు నెలలు ఉంటుందంటే, మరొకరు వారమే అంటారు. మొదటిది ఫ్రాన్సు దేశానిది. 17వ శతాబ్దంలో ప్లెసీ-ప్రాలెన్ అనే సేనాధిపతి ఇంటి వంటవాడు బాదం గింజలకు పంచదార పాకం పట్టించాడనీ, యజమాని పేరే మిఠాయికి వచ్చిందనీ చెబుతారు. మోంతార్జీ అనే ఊరు నేటికీ దానికి ప్రసిద్ధి. అందులో పాలు లేవు, వెన్న లేదు. మన వేరుశెనగ అచ్చుకు (తెలంగాణలో పల్లీ పట్టీ అంటారు) అది దగ్గర చుట్టమనుకోండి. తడి తగలకుండా చూస్తే చాలా వారాలు నిలుస్తుంది. బాదం కాయలు దూరప్రయాణానికి తట్టుకుంటాయని యాకోబు కుటుంబానికి కూడా తెలిసినట్టుంది. ఐగుప్తుకు పంపిన కానుకల్లో అవీ ఉన్నాయి (ఆదికాండము 43).

రెండవది బెల్జియం దేశంలోని ప్రాలీన్. అది లోపల మెత్తని పదార్థం నింపిన చాక్లెట్. 1912లో బ్రస్సెల్స్ నగరంలో జాన్ న్యూహాస్ దీనిని మొదలుపెట్టాడు. లోపల తాజా మీగడ ఉంటే త్వరగా పాడవుతుంది. కొన్నదైతే పెట్టె మీది తేదీ చూడడమే క్షేమం.

మూడవదే మీ అమ్మాయి తెచ్చినది. ఫ్రెంచివారు లూసియానాకు వలస వచ్చినప్పుడు ఈ మిఠాయి కూడా వారి వెంట వచ్చింది. అక్కడ బాదం బదులు పీకాన్ గింజలు వాడారు. పీకాన్ చూడడానికి అక్రోటు పప్పులా ఉంటుంది, కొంచెం పొడవు. ఆ చెట్టుకు మంచి అంటు కట్టి చూపినవాడు ఓక్ ఆలీ తోటలో బానిసగా ఉన్న ఆంత్వాన్ అనే తోటమాలి (1846-47). అతని ఇంటిపేరైనా ఎవరూ వ్రాసి ఉంచలేదు. న్యూ ఆర్లీన్స్ వీధుల్లో ఈ మిఠాయిని బుట్టల్లో పెట్టి అమ్మినది కూడా నల్లజాతి స్త్రీలే. 19వ శతాబ్దంలో, బానిసత్వం ఉన్న రోజుల్లోనూ పోయిన తరువాతా, ఆ అమ్మకంతోనే ఇల్లు నడుపుకున్నవారు చాలామంది ఉన్నారు. పాలు, వెన్న చేరిన ఈ మిఠాయి నిలువ సరుకు కాదు, చేసిన కొద్ది రోజుల్లో తినవలసినది.

చేసే పద్ధతి మన ఆడవాళ్లకు కొత్తేమీ కాదు. ఒకటిన్నర కప్పు పంచదార, ముప్పావు కప్పు గోధుమరంగు చక్కెర, అర కప్పు పాలు, ఆరు టేబుల్ స్పూన్ల వెన్న, ఒకటిన్నర కప్పు గింజలు కలిపి ఉడికిస్తారు. వారు థర్మామీటరు పెట్టి 114, 115 డిగ్రీల సెంటిగ్రేడు చూస్తారు. మనం చన్నీళ్లలో ఒక చుక్క వేసి ఉండపాకం చూస్తాం. రెండూ ఒకటే. తరువాత దింపి, మెరుపు తగ్గి చిక్కబడేదాకా గరిటెతో తిప్పి, చెంచాతో బిళ్లలుగా వేస్తారు. మీరు వేరుశెనగ పప్పుతో చేసుకోవచ్చు. కానీ గోధుమరంగు చక్కెర బదులు బెల్లం వేస్తే పాలు విరిగే ప్రమాదముంది, పంచదారే వాడండి.

నిలువ సంగతి సగం ఈ పాకంలోనే తేలిపోతుంది. పాకం లేతగా దింపితే బిళ్లలో నీరు మిగిలి, జిగురుగా ఉండి త్వరగా చెడుతుంది. ముదిరితే పొడిపొడిగా రాలుతుంది. ముసురు పట్టిన రోజున చేయకపోవడమే మంచిది, చక్కెర గాలిలోని తేమను లాగుకుంటుంది. న్యూ ఆర్లీన్స్ మన కోస్తా లాగే చెమట పట్టే ఊరు, ఈ బాధ అక్కడివారికీ ఉంది.

చాలామంది ఫ్రిజ్‌లో పెడతారు. అది సరికాదు. బయటకు తీయగానే పైన నీరు పట్టి బిళ్ల జిగురవుతుంది. ఎక్కువ రోజులు కావాలంటే ఒక్కొక్క బిళ్లనూ మైనపు కాగితంలో చుట్టి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో, మంచు గడ్డకట్టే అరలో పెట్టండి. రెండు నెలలు ఉంటాయి. తీసినప్పుడు డబ్బా చల్లదనం పూర్తిగా పోయేవరకు మూత తెరవకండి, చెమ్మ డబ్బా పైన పడుతుంది గాని మిఠాయి మీద పడదు.

వేరుశెనగతో చేసేవారికి ఒక మాట గట్టిగా చెప్పాలి. సండేస్కూలు పిల్లలకు పంచడానికని ఒక్కోసారి చవకగా దొరికిన పప్పు తెస్తాం. నల్లబడినవి, ముడుచుకుపోయినవి, బూజు పట్టినవి ఏరి పారవేయండి. ఆ బూజు నుండి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయానికి హాని చేస్తుంది. వేయించినా, పాకంలో ఉడికించినా అది పూర్తిగా పోదు. పైన తీపి ఉంటుంది గనుక పిల్లలకు చేదు తెలియదు కూడా. అటువంటి పప్పును కోళ్లకు, పశువులకు కూడా వేయకండి.

సహోదరిగారూ, ఈసారి అమ్మాయి వచ్చేటప్పుడు ప్రయాణానికి రెండు రోజుల ముందు చేసి, పూర్తిగా ఆరాక సర్దుకొని, డబ్బా మూత మీద చేసిన తేదీ వ్రాయమనండి. ఆ తేదీ నుండి పది రోజుల్లోపు ఇరుగుపొరుగుకు కూడా పంచిపెట్టేయండి.