మత్తడి ఎత్తు తగ్గరాదు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చెరువుల రక్షణ ప్రణాళిక

ఉత్తర తెలంగాణలో చెరువులు ఒకదానికొకటి గొలుసుకట్టుగా ఉంటాయి. ఎగువ చెరువు నిండి మత్తడి దూకిన నీరు ఒర్రెల వెంట దిగువ చెరువుకు చేరుతుంది. కాబట్టి జగిత్యాల చింతకుంటను గానీ, కోరుట్ల మద్దుల చెరువును గానీ, సిరిసిల్ల కొత్త చెరువును గానీ కాపాడ పూనుకునే సంఘాలు నీరు నిలిచిన మేరతో సరిపెట్టుకోక, వాన నీటిని తెచ్చే ఒర్రెలు, కట్ట, తూము, మత్తడి, శిఖం, ఆయకట్టు అన్నీ తమ బాధ్యతలోనివేనని ఈ ప్రణాళిక ద్వారా ప్రకటిస్తున్నాయి.

వీటన్నిటిలో మత్తడికే మొదటి స్థానం. చెరువు నిండాక మిగులు నీరు కట్టకు గండి పెట్టకుండా పొర్లిపోయేందుకు కట్టిన రాతిగోడ మత్తడి. దాని పైఅంచు ఎంత ఎత్తున ఉంటే చెరువు పూర్తి నిల్వ మట్టం, అంటే అధికారుల పత్రాల్లో ఎఫ్‌టీఎల్‌గా కనిపించే హద్దు, అంత ఎత్తునే నిలుస్తుంది. ఇక్కడి చెరువులకు లోతు తక్కువ, పరపు ఎక్కువ కనుక, మత్తడిని రెండడుగులు కోస్తే చాలు, ఎగువన ఎకరాలకొద్దీ నేల తేలి, కొన్నాళ్లకే అక్కడ ప్లాట్ల హద్దురాళ్లు వెలుస్తాయి. నీళ్లు ఇక్కడిదాకా రావనే వాదన అప్పటికి నిజమే. ఆ నిజాన్ని పుట్టించింది మాత్రం గడ్డపార. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్ల మేర కట్టడాలు ఉండరాదని 2012 నాటి 168వ నంబరు ఉత్తర్వు చెబుతున్నా, ఆ కొలత ఎఫ్‌టీఎల్ నుంచే మొదలవుతుంది కనుక, మత్తడి తగ్గితే ఆ రక్షణ కూడా లోపలికి జరిగిపోతుంది.

హద్దులు చెరిగితే మునిగేది ఊరే. 2021 సెప్టెంబరులో కొత్త చెరువు పొంగి సిరిసిల్ల లోతట్టు వాడలు జలమయమైనప్పుడు, నీటికి దారి మిగల్చని పట్టణంలో నీరే దారి వెతుక్కుంటుందని తెలిసివచ్చింది. అందువల్ల ఒర్రెలపై కట్టడాలకు అనుమతి ఇవ్వరాదనీ, మురుగును శుద్ధి చేయకుండా చెరువులోకి వదలరాదనీ సంఘాలు పురపాలికలను కోరతాయి. బతుకమ్మ చీరలు నేసిన సిరిసిల్లలో బతుకమ్మను మురుగునీటిలో వదలవలసి రావడం ఎవరికీ గౌరవం కాదు. తంగేడు, గునుగు పూలు నీటిలో కలిసిపోతాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు అలా కలవవు కనుక చెరువులో వాటి నిమజ్జనాన్ని సంఘాలు అంగీకరించవు.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసి, ఆ ఒండ్రుమట్టిని పొలాలకు తోలడం మెచ్చదగిన పని. మినీ ట్యాంక్‌బండ్ పేరిట నడకబాటలు, రంగుల దీపాలు ఏర్పాటు చేయడానికీ అభ్యంతరం లేదు, వాటి కోసం చెరువులో మట్టి పోయనంతవరకు. పోస్తే అది సుందరీకరణ పేరుతో జరిగే కబ్జాయే.

శిఖం, అంటే చెరువు నిండితే మునిగే నేల, విషయంలో తొందరపాటు తగదు. పట్టా ఉన్న శిఖం రైతు నీరు తగ్గాక పంట వేసుకోవచ్చు గానీ శాశ్వత కట్టడం కట్టరాదు. ఏళ్లుగా ఆ నియమానికి లోబడి బతికిన రైతునూ, అదే నేలను ప్లాట్లుగా అమ్మిన వ్యాపారినీ ఒకే గాటన కట్టడాన్ని సంఘాలు వ్యతిరేకిస్తాయి. చేపలు పట్టే ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలకూ ఆయకట్టు రైతులకూ ప్రతి చెరువు కమిటీలో చోటు ఉంటుంది, ఎందుకంటే నీటి రంగు మారిందని ముందుగా పసిగట్టేది వల వేసేవారే.

తూము తెరిచి, మూసి, వంతుల ప్రకారం నీరు పారించే నీరటి పని చాలా ఊళ్లలో కనుమరుగైంది. ఆ పనిని జీతంతో తిరిగి నిలబెట్టాలని సంఘాలు కోరతాయి. ఏటా మే నెలలో, వానలకు ముందే, మత్తడి పైఅంచు ఎత్తును నీటిపారుదల ఇంజినీరు, నీరటి, కమిటీ సభ్యుల ఎదుట కొలిపించి, పాత రికార్డులోని అంకె పక్కన కొత్త అంకెను రాసి, రెండింటినీ కట్ట మీద అందరికీ కనిపించే బోర్డుపై ఉంచుతాయి.