మన తాతల పేళ్లు ఎక్కడ?

తర్పణము విడుచువాడు తండ్రిని, తాతను, ముత్తాతను పేరు పెట్టి పిలుచును. అంతకు పైవారెవరని యడిగినచో మనలో పెక్కురకు మౌనమే గతి. మా వంశమువాడు ఈ ఊరికి ఎప్పుడు వచ్చెను, ఎవరియొద్ద పని నేర్చెను, ఏ కరువులో ఎవరిని పోగొట్టుకొనెను అని పాత దస్తరములను వెదకువారిని చూచి కొందఱు నవ్వుదురు. మేము నవ్వము. తన పూర్వులను తానెఱుగని జాతి, పరులు వ్రాసిన కథనే తన కథయని నమ్మవలసివచ్చును.

ఆంగ్లదేశమున ఒక కమ్మరి మునిమనుమనికి ఈ వెదకులాట కష్టము కాదు. పని నేర్చుకొను కుఱ్ఱల ఒప్పందపత్రములపై అచ్చటి ప్రభుత్వము 1710లో స్టాంపు సుంకము విధించెను. నూఱేండ్లపాటు సాగిన ఆ సుంకపు లెక్కలలో గురువు పేరు, శిష్యుని పేరు, వృత్తి, తొలి దశాబ్దములలో తండ్రి పేరును గలవు. జనాభా లెక్కలలో వ్రాసికొన్న పేళ్లను నూఱేండ్లు దాచి, పిమ్మట ప్రజలకు చూపుదురు. 1921 నాటివి 2022లో వెలికివచ్చినవి.

మన చీరాల సాలెవాని కొడుకు ఏ పత్రముపై వ్రాలు చేసి మగ్గమెక్కెను? తండ్రి ప్రక్కన కూర్చుండి కండెలు చుట్టుచు నేర్చెను. ఆ విద్యకు కాగితము లేదు. మగ్గమునకు మొతర్ఫా పన్ను మాత్రముండెను. ఇక జనాభా లెక్కలు. 1881 మొదలు పదేండ్లకొకమారు ఇంటింటికి వచ్చి మనుష్యులను వ్రాసికొనిరి. మొత్తములు కూడిన వెనుక ఆ పత్రములను నాశనము చేసిరి. మనకు మిగిలినవి సంపుటముల కొలది అంకెలు. ఏ తాలూకాలో ఎన్నివేల సాలెలో, ఎన్నివేల మాదిగలో తెలియును. వారిలో ఒక్కని పేరైనను తెలియదు.

అట్లని దొరతనమువారు మన పేళ్లు వ్రాయనేలేదా? వ్రాసిరి. పన్ను రావలసినచోట వ్రాసిరి. ఇనాము రిజిస్టరులలోను, సెటిల్మెంటు లెక్కలలోను ఇనాందారుడు గలడు, పట్టాదారు గలడు. ఆతని చేలో పత్తి తీసినది, మిరపకాయ కోసినది ఎవరో ఆ లెక్కకు అక్కఱలేదు. 1832-33 నాటి మహాక్షామమున గుంటూరు సీమలో సుమారు ఐదులక్షల జనములో లక్షన్నరకు పైగా నశించిరందురు. నష్టమైన శిస్తు లెక్క రూపాయలతో నిలిచినది. చచ్చినవారి పేళ్లు నిలువలేదు. అనుమానమున్నచోటను వ్రాసిరి. బాపట్లకు చేరువనున్న స్టూవర్టుపురములో ఎఱుకల కుటుంబములను నేరజాతుల చట్టము క్రింద పేరు పేరున పట్టికలకెక్కించి కాపలాయందుంచిరి. తాతపేరు అట్టి పట్టికలో కనబడినచో మనుమడు తలవంచుకొననక్కఱలేదు. ఆ సిగ్గు వ్రాసినవారిది.

ఓడ ఎక్కించునప్పుడు మఱింత శ్రద్ధతో వ్రాసిరి. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి కూలీలతో వచ్చిన ట్రూరో ఓడ డర్బను రేవు చేరెను. 1911 వరకు నటాలునకు పోయినవారు లక్షా యేబదిరెండువేలకు పైబడిరి. ఒప్పందపు కూలీల ఓడపట్టికలలో పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముమీది పుట్టుమచ్చలు సైతము గలవు. మారిషసులో మోకా యందలి మహాత్మాగాంధీ సంస్థ ఇట్టి దస్తరములను భద్రపఱచి, వంశము వెదకువారికి చూపుచున్నది. ఎంత విపరీతము! ఇంటనున్న తమ్ముని పేరు నశించెను. సముద్రము దాటిన అన్న పేరు నిలిచెను. సరకును పోగొట్టుకొనరాదు గనుక దానిపై గుఱుతు వేసిరి, అంతియే.

ఆ పట్టికలను చూచువారు ఒక సంగతి మఱువరాదు. 1859 నుండి 1904 వరకు గుంటూరు జిల్లాయే లేదు. ఆ సీమ కృష్ణా జిల్లాలో కలిసియుండెను. ఒంగోలు నాడు నెల్లూరులోనిది. 1904లో గుంటూరు జిల్లా మరల వెలసెను. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశము పేరు దాల్చెను. 2022లో బాపట్ల, పల్నాడు జిల్లాలు చీలినవి. నేటి జిల్లాపేరు పట్టుకొని నాటి దస్తరము తెఱచువాడు వట్టిచేతులతో మరలును. మఱియు, మన యింటిపేరును పరదేశపు గుమాస్తాలు తఱచు విడిచివేసిరి. తండ్రి పేరే సంతానమునకు ఇంటిపేరైన కుటుంబము లచ్చట ఎన్నియో గలవు. ఊరుపేరే అట్టివారికి ఆధారము.

మనకు మనవగు దస్తరములు లేకపోలేదు. అవి నోటిలో నుండెను. రెడ్ల, కమ్మల గోత్రములు చెప్పు పిచ్చికుంట్లవారు, పద్మసాలీల కథ చెప్పు కూనపులివారు, మాదిగల పురాణము చెప్పు డక్కలివారు మన వంశచరిత్రకు లేఖకులు. వారిని బిచ్చగాండ్రని త్రోసివేసిన మన చదువే మన తాతలను పాతిపెట్టినది.

కావున మేము కోరునవి రెండు. 2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగ గొని జనాభా లెక్క జరుపుటకు 2025 జూనులో ప్రభుత్వము ప్రకటించినది. ఈ లెక్కను కాగితములపై గాక యంత్రములలో నెక్కించుటకు నిర్ణయించిరి. 1948 నాటి జనాభా లెక్కల చట్టపు 15వ సెక్షను వ్యక్తుల వివరములను ఎవరికిని చూపరాదనుచున్నది. బ్రతికియున్నవారికి ఆ రక్షణ ఉండియే తీరవలెను; దానిని సడలింపుమని మేమనము. కాని ఆ వివరములను నాశనము చేయక నూఱేండ్లు భద్రపఱచి, పిమ్మట మునిమనుమలకు అప్పగింపవలెను. నాడు తమ ప్రభుత్వము కాదు గనుక ప్రజల పేళ్లు పోయినవి. నేడు ప్రభుత్వము మనదైనప్పుడు పోనిచ్చుటకు సాకేమున్నది?

రెండవది ప్రజల చేతిలోనున్నది. 1984లో కరణీకములు రద్దయినవి. ఆనాటి పాత కవిలె ఏ యటకపైననున్నచో చెదలకు వదలక, గ్రంథాలయమున కప్పగింపుడు. చర్చి రిజిస్టరులను, పాఠశాలల ప్రవేశపట్టికలను కాపాడుడు. అన్నిటికంటె ముందు, ఇంటనున్న అవ్వయొద్ద కూర్చుండి, ఆమె తల్లి పేరును, ఆ తల్లి పుట్టినయూరును అడిగి వ్రాసికొనుడు. దస్తరములు మఱచినవారిలో స్త్రీలే మొదటివారు. కాగితము ఎప్పుడైనను దొరకవచ్చును. అవ్వ జ్ఞాపకము ఆమెతోనే పోవును.