పసివాళ్ల ఊపిరికి మిల్లీమీటరే ఎక్కువ

కాలిఫోర్నియాలోని మన డబ్లిన్‌లో చలి మొదలైతే చాలు, తెలుగు తల్లిదండ్రుల మధ్య ఒకటే ప్రశ్న. ‘‘బాబుకి పిల్లికూతలు వస్తున్నాయి. డాక్టరు ఇన్‌హేలర్ రాశారు. వాడితే అలవాటైపోదా?’’ సలహాలూ మామూలే: వాము, అల్లం రసం, ఇండియా నుంచి అమ్మమ్మ తెచ్చిన సిరప్. ఈ భయం అనవసరం, పైగా ప్రమాదకరం కూడా.

కారణం గాలి లెక్కలోనే ఉంది. సన్నని గొట్టాల్లో ప్రవాహాన్ని 1840ల్లో లెక్కగట్టిన ఫ్రెంచి వైద్యుడు పాయిజెలీ పేరు మన ఇంజినీర్లు చదివి మరిచిపోయిందే. ఆయన సూత్రం ప్రకారం గొట్టం వెడల్పు సగమైతే గాలికి అడ్డు రెట్టింపు కాదు, 16 రెట్లవుతుంది. పసిబిడ్డకు స్వరపేటిక కింద దారి వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు. చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాస్తే మిగిలేది 2. అదే వాపు 8 మిల్లీమీటర్ల గొట్టంలో వస్తే అడ్డు పెరిగేది సుమారు 3 రెట్లే. అందుకే ‘మనకూ జలుబు చేసింది, తగ్గలేదా’ అన్న పోలిక పిల్లలకు చెల్లదు. ఏడిస్తే గాలి సుడులు తిరిగి ఊపిరి ఇంకా కష్టమవుతుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని ఊరడించడం కూడా వైద్యమే.

ఉబ్బసంలో వాచి బిగుసుకునేవి ఇంకా లోపలి సన్నగొట్టాలు. అక్కడా లెక్క ఇదే. మందు నేరుగా అక్కడికే చేరాలి. అల్బ్యుటెరాల్ ఇన్‌హేలర్ ఒక్క పఫ్‌లో ఉండేది 90 మైక్రోగ్రాములు. అదే మందు సిరప్‌లో సాధారణంగా 5 మిల్లీలీటర్లకు 2 మిల్లీగ్రాములు, అంటే 20 రెట్లకు పైనే. చేతులు వణకడం, గుండె దడ అందుకే. మరి ‘ఘాటైన మందు’ ఏది? కాకపోతే స్పేసర్ గొట్టం, చిన్నపిల్లలకైతే మాస్కు కూడా ఉండాలి. అది లేకుంటే మందులో చాలాభాగం గొంతుకే అంటుకుపోతుంది. రోజూ వాడమన్న స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను దగ్గు తగ్గిందని మనంతట మనమే మానేయకూడదు.

ఇక పొగ. 2020 సెప్టెంబర్ 9న కార్చిచ్చు పొగకు బే ఏరియా ఆకాశం నారింజ రంగుకు తిరిగినప్పుడు అందరం కిటికీలు మూసుకున్నాం. అవే మూసిన కిటికీల లోపల పసిబిడ్డ తలస్నానమయ్యాక సాంబ్రాణి వేస్తాం! పెద్దవాళ్లు నొచ్చుకున్నా సరే, చెప్పాల్సిందే.

ఊపిరికి డొక్కలు లోపలికి ఎగబీలుస్తుంటే, మాట పూర్తి చేయలేకపోతుంటే, పెదాలు నీలిరంగుకు తిరిగితే ఆగకూడదు. అలసిపోయిన బిడ్డకు పిల్లికూత ఆగిపోవడం గాలి ఆడకపోవడం వల్ల కూడా కావచ్చు. అప్పుడు ఫోన్ చేయాల్సింది హైదరాబాద్‌లో ఉన్న డాక్టరు బావగారికి కాదు, 911కి.