గర్భసంచి పోయింది, అండాశయం సంగతి?

ఈ సంచికకు సంపాదకీయం వేరే విషయం మీద రాద్దామనుకున్నాను. గండికోట వెళ్లివచ్చాక మనసు మార్చుకున్నాను.

గండికోట పేరు చెబితే పెన్నా లోయ, మాధవరాయస్వామి గుడి, వాటిని చూడడానికి వచ్చే పర్యాటకులు గుర్తొస్తారు. కోటగోడల లోపలే ఒక ఊరుందని, అక్కడ నుంచి ఆసుపత్రికి పోవాలంటే పదిహేను కిలోమీటర్లు జమ్మలమడుగు దాకా దిగాలని తక్కువమందికి తెలుసు. ఆ ప్రాంతంలో శనగచేలలో కూలికి పోయే ఒకామెను కలిశాను. యాభై దాటి ఉంటాయి. "రెండు ముద్దలు తింటే చాలమ్మా, కడుపు కుండ మాదిరి అయితాంది. అందరూ గ్యాసంటాండారు," అంది. ఎనిమిది నెలలుగా అదే మాట, అవే మాత్రలు. ఆడవాళ్ల డాక్టరుకు చూపించుకోలేదా అక్కా అని అడిగితే ఆమె నవ్వింది. "నాకింక ఆడజబ్బులేముంటాయిమ్మా, ముప్పై ఏండ్లకే సంచి తీసేసినారు కదా!"

ఆ తర్వాత స్కానింగులో తేలింది. అండాశయంలో గడ్డ, కడుపులో నీరు. క్యాన్సర్ అప్పటికే పాకింది.

అప్పుడెప్పుడో తెల్లబట్ట అవుతోందని పోతే, తీయకపోతే క్యాన్సర్ వస్తుందని భయపెట్టి ఆమె గర్భసంచి తీశారు. క్యాన్సర్ భయానికి అప్పుచేసి డబ్బు కట్టిన మనిషి, ఆ డబ్బు కట్టేశాను కదా అన్న ధీమాతోనే అసలు క్యాన్సర్‌ను గుర్తించలేకపోయింది. ఇది ఒక్క ఆమె కథే అయితే నేను రాయను. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. అనవసరంగా గర్భసంచులు తీయడం మీద రాష్ట్రాలు మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది.

ఈ ఆపరేషన్లకు వ్యతిరేకంగా మనమంతా మాట్లాడాం, కరపత్రాలు పంచాం. కానీ ఆ కరపత్రాల్లో అండాశయం గురించి ఎన్ని వాక్యాలున్నాయి? నేను రాసినవాటిలో ఒక్కటీ లేదు. మన ఊళ్లలో ఆడవాళ్ల నోట ఆ అవయవానికి సరైన పేరే వినపడదు. లోపల ఉన్నదంతా 'సంచి'యే. పేరు లేనిదానికి జబ్బు వస్తుందని ఎవరు అనుకుంటారు?

గర్భసంచి తీసినంత మాత్రాన అండాశయాలు పోవు. వాటిని ఉంచితే ఆ జబ్బు వచ్చే అవకాశమూ ఉంటుంది. అలాగని వాటినీ తీసేయించుకోవడం పరిష్కారం కాదు. ముట్లు ఆగకముందే రెండు అండాశయాలూ తీస్తే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. కూలి చేసుకుని బతికే మనిషికి నలభై ఏళ్లకే నడుము పోవడమంటే ఏమిటో మనకు తెలుసు. అండాశయ క్యాన్సర్ గురించి ప్రచారం చేసేటప్పుడు నాకున్న పెద్ద భయం ఇదే. మనం చెప్పే మాటను పట్టుకుని మరో ఆపరేషన్ అమ్మేవాళ్లు సిద్ధంగా ఉంటారు.

మన దేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము, గర్భాశయ ముఖద్వారాల తర్వాతి స్థానం దీనిదే. అంతర్జాతీయ అంచనాల ప్రకారం 2022లో దాదాపు 47 వేలమందికి కొత్తగా వచ్చింది, 33 వేలమంది దాకా చనిపోయారు. వచ్చినవారిలో అంత ఎక్కువమంది చనిపోవడానికి ముఖ్య కారణం ఆలస్యంగా బయటపడటం. అండాశయం దాటకముందే పట్టుకుంటే నూటికి తొంభైమంది అయిదేళ్లు దాటి బతుకుతారు. పాకిన తర్వాత ముప్పై మంది బతకడమే కష్టం.

ముఖద్వారానికి పరీక్ష ఉంది, టీకా ఉంది. ముప్పై దాటినవారికి ప్రభుత్వం చేయించే పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం వరకే. అండాశయానికి లేదు. ఇది ఏ ఒక్క ప్రభుత్వపు నిర్లక్ష్యం అనలేం. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా స్త్రీలతో చేసిన పరిశీలన ఫలితాలు 2021లో వచ్చాయి. ఏ బాధా లేనివాళ్లకు ఏటేటా సిఏ-125 రక్తపరీక్ష, స్కానింగ్ చేసినా చావులు తగ్గలేదు. కాబట్టి పండగ ప్యాకేజీలలో ఈ రక్తపరీక్షను కలిపి అమ్ముతుంటే కొనవద్దని చెప్పడం కూడా మన పనే.

మిగిలింది ఆడమనిషి మాట. కడుపు ఉబ్బరం, కొంచెం తినగానే నిండిపోవడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రానికి పోవలసి రావడం. ఇవి ఎవరికైనా వస్తాయి, పోతాయి. కొత్తగా మొదలై, నెలలో పన్నెండు రోజులకు మించి, వారాలు గడిచినా పోకపోతే, ముఖ్యంగా యాభై దాటినవారికి, అప్పుడు ఆ రక్తపరీక్ష, స్కానింగ్ చేయించాలి. బ్రిటన్‌లో 2011 నుంచి డాక్టర్లకు ఉన్న సూచన ఇదే. ఇక్కడ? కడుపు ఉబ్బిందన్న ఆడదానికి గ్యాసు మాత్ర ఇవ్వడం మన వైద్యంలో అలవాటు, చెప్పుకోకుండా ఓర్చుకోవడం మన ఇళ్లలో అలవాటు. తిండి సయించడం లేదంటే "ఒంటిపొద్దులెక్కువైనాయి" అని అత్తలంటారు.

కుటుంబ చరిత్ర అడగడం కూడా నేర్చుకోవాలి. ఈ జబ్బు వచ్చినవారిలో దాదాపు అయిదారుగురిలో ఒకరికి అది వంశంలో వచ్చిన జన్యులోపం వల్లే. ఆ లోపం తండ్రి వైపు నుంచి కూడా రావచ్చు. కడుపు ఉబ్బి చనిపోయిన మేనత్త, రొమ్ములో గడ్డతో పోయిన చిన్నమ్మ, వీళ్ల సంగతి ఏ కాగితంలోనూ ఉండదు. మగవాళ్ల ఆస్తుల లెక్క మూడు తరాల వరకు చెప్పగలిగే ఇళ్లలో ఆడవాళ్లు దేనితో చనిపోయారంటే ఎవరూ చెప్పలేరు.

గండికోట నుంచి వచ్చేముందు చిన్న సమావేశం పెట్టాం. బోర్డు మీద బొమ్మ గీసి ఇది గర్భసంచి, ఇవి రెండూ అండాశయాలు అని చూపిస్తుంటే వెనక నుంచి ఒకామె లేచింది. "నాకు సంచి తీసినప్పుడు ఇవి గూడా తీసినారో లేదో ఎట్ల తెలుస్తాదక్కా?" డిశ్చార్జి కాగితంలో రాసి ఉంటుందని చెప్పాను. ఆపరేషన్ అయినవాళ్లు చేతులెత్తమంటే పదిమందికి పైగా ఎత్తారు. కాగితం ఉన్నవాళ్లు ఎంతమంది అంటే ఇద్దరు. ఆ ఇద్దరివీ ఇంగ్లీషులో ఉన్నాయి. అక్కడే కూర్చుని చదివి చెప్పాం. మిగిలినవాళ్ల కోసం ఆసుపత్రులకు రాయడానికి దరఖాస్తు నమూనా ఒకటి ఈ సంచిక వెనకపేజీలో వేస్తున్నాం. మీ ఊళ్లలో దాన్ని నింపించి, వచ్చిన జవాబులు మాకు పంపండి. జవాబు రాకపోతే ఆ సంగతీ రాయండి.