ఏనుగు మన స్నేహితుడు అని రాయించే ముందు



ఈ నెల నాలుగో తరగతి పిల్లలకు వన్యప్రాణుల సంరక్షణ మీద ప్రాజెక్టు ఇచ్చాం. మర్నాడే మీలో కొందరు ఫోన్ చేసి, "మేడమ్, ఏయే బొమ్మలు అతికించాలి? ఎన్ని మార్కులు?" అని అడిగారు. మిమ్మల్ని తప్పు పట్టను. బీఈడీ అయ్యాక మూడు నెలలు కెన్యాలో ఒక పల్లె బడికి వాలంటీరుగా వెళ్ళినప్పుడు నేనూ అలాంటి చార్టే పట్టుకెళ్ళాను.

వోయి పట్టణం దగ్గర, సాగల్లా కొండ కింద ఉంటుంది ఆ పల్లె. పక్కనే సావో జాతీయ పార్కులు. కెన్యాలో ఏనుగులు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది అక్కడే. నేల ఎర్రగా మన అనంతపురాన్ని గుర్తుచేస్తుంది, వానా అంతే. పిల్లలు పొద్దున్నే పసుపుపచ్చ క్యాన్లతో నీళ్ళు తెచ్చి, మేకల్ని వదిలి, అప్పుడు బడికి వస్తారు. మధ్యాహ్నం ఉగాలి, ఆకుకూర. ఉగాలి అంటే మొక్కజొన్న పిండితో చేసిన సంగటే, రాయలసీమ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళు ఎదురైతే పిల్లలు "షికమో" అంటారు. మీ కాళ్ళు పట్టుకుంటున్నాను అని దాని అసలు అర్థమట. వినగానే నాకు ఇల్లు గుర్తొచ్చింది.

మొదటి వారంలోనే ఒక పాప క్లాసులో రోజూ కునుకుతుంటే లేపి నిలబెట్టాను. మర్నాడు చార్టు తగిలించి, "ఎలిఫెంట్స్ ఆర్ అవర్ ఫ్రెండ్స్" అని అందరిచేతా చెప్పించాను. ఆ పాప చెయ్యెత్తి వచ్చీరాని ఇంగ్లీషులో, "టీచర్, రాత్రి మీ ఫ్రెండ్స్ మా మొక్కజొన్న తినేశారు" అంది. క్లాసంతా నవ్వింది. తను నవ్వలేదు. కంకులు గింజ పట్టే కాలం అది. వాళ్ళ నాన్న రాత్రంతా టార్చి పట్టుకుని కాపలా ఉంటే, ఈ పిల్ల పక్కన కూర్చుని రేకు డబ్బా వాయిస్తోంది. పొద్దున బడికొచ్చి నిద్రపోక ఏం చేస్తుంది?

నాకు సిగ్గేసింది. ఎందుకంటే ఇది నాకు తెలియని సంగతేం కాదు. మా అమ్మమ్మ ఊరు పలమనేరు దగ్గర, కౌండిన్య అడవి అంచున. చెరకు తోటలో ఏనుగులు పడితే తాతయ్య మంచె మీద ఉండి టపాకాయలు కాల్చడం చిన్నప్పుడు చూశాను. అదంతా ఇంట్లో వదిలేసి, చార్టు మాత్రం పట్టుకుని అంత దూరం వెళ్ళాను.

ఆ తర్వాత పాఠం వాళ్ళే చెప్పారు, నేను విన్నాను. ఆ ఊళ్ళో కొన్ని పొలాలకు తేనెటీగల కంచెలున్నాయి. చుట్టూ గుంజలు పాతి, 10 మీటర్లకు ఒకటి చొప్పున పెట్టెలు వేలాడదీసి, అన్నిటినీ తీగతో కలుపుతారు. ఏనుగు తీగకు తగిలిందా, పెట్టెలు ఊగి ఈగలు లేస్తాయి. అంత పెద్ద ఏనుగూ తేనెటీగలకు భయపడుతుంది. తొండం లోపల, కళ్ళ చుట్టూ కుడతాయి మరి. లూసీ కింగ్ అనే పరిశోధకురాలు ఈ భయం మీద పరిశోధన చేసి, రైతులతో కలిసి ఈ పద్ధతిని తీర్చిదిద్దారు. పెట్టెల్లో కొన్ని ఉత్తుత్తివే, ఏనుగును ఏమార్చడానికి! వచ్చిన తేనె అమ్ముకుంటారు. అయితే కరువొస్తే పూలుండవు, ఈగలు వెళ్ళిపోతాయి. పైగా కంచె అందరికీ లేదు. ఆ పాపవాళ్ళ పొలానికి లేదు.

చార్టు మడిచేసి, పిల్లల చేత నోటుపుస్తకాలు పెట్టించాను. రాత్రి ఎటునుంచి వచ్చాయి, ఎన్ని, ఏం తిన్నాయి, ఎవరు చూశారు. నెల తిరిగేసరికి కంచె తర్వాత ఎవరి పొలానికి ముఖ్యమో వాళ్ళే వాదించుకున్నారు. బ్రోక్, రాన్, షౌటెడ్ అంటూ పాస్ట్ టెన్స్ కూడా దానంతటదే వచ్చేసింది. ఇంగ్లీషు టీచర్‌ని కదా, అది చెప్పకుండా ఉండలేను!

జంతువుల్ని ప్రేమించమని పిల్లలకు చెప్పడం తేలిక, అపార్టుమెంటులో ఉండి చెప్పడం ఇంకా తేలిక. ఆ ప్రేమకు పంటతో, నిద్రతో ధర కడుతున్నవాళ్ళు ఎవరో తెలియని పిల్లవాడికి సంరక్షణ అంటే స్టిక్కర్లే. మీ పిల్లల తాతయ్యలు, మామయ్యలు చాలామంది ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. అడవి పందులకు వేరుశనగ పోయినవాళ్ళు, కోతుల బాధ పడలేక కూరగాయలు వేయడం మానేసినవాళ్ళు వాళ్ళలో లేరా? ఒలింపియాడ్ పుస్తకం ఓ అరగంట పక్కన పెట్టించి వాళ్ళకు ఫోన్ చేయించండి. తాతయ్యకు పందుల మీద కోపం ఉంటే కోపమే రాయనివ్వండి, దాన్ని దిద్ది అందమైన వాక్యం చేయకండి.

నెట్ సెంటర్ ప్రింట్లు ఈసారి తీసుకోను. గడువు వారం పొడిగించాం. సెలవుల్లో ఊరెళ్ళేవాళ్ళు అక్కడే రాసుకు రావచ్చు. తెలుగులో రాసినా మార్కులు తగ్గవు.