వీసా: చూడబడిన పత్రం

గత మాసంలో మా పూర్వ విద్యార్థి ఒకడు మద్రసాకు వచ్చాడు. దుబాయి ప్రయాణం ఖాయమైందని, దుఆ చేయమని కోరాడు. “ఏ వీసా మీద వెళుతున్నావు బేటా?” అని అడిగాము. “అదంతా ఏజెంటు చూసుకున్నాడు హజ్రత్” అన్నాడు. అందుకే ఈ మాసం మేము ఈ పదాన్ని ఎంచుకున్నాము.

‘వీసా’ లాటిన్ పదం. ‘చార్టా వీసా’ అంటే చూడబడిన పత్రం. ఫ్రెంచి భాష గుండా లోకమంతటా వ్యాపించేసరికి ‘చూడబడినది’ అన్న మాట ఒక్కటే మిగిలింది. ప్రయాణికుని పత్రాలను అధికారి పరిశీలించి ముద్ర వేశాడని భావం. అరబీలో దీనిని ‘తాషీరా’ అంటారు. గుర్తు వేయడమని అర్థం.

పదం కొత్తదైనా భావం మనకు కొత్త కాదు. ఫిఖ్హ్ గ్రంథాలలో ‘అమాన్’ అంటే అభయం; అభయం పొంది పరాయి రాజ్యంలో ప్రవేశించినవాడు ‘ముస్తామిన్’. హిజ్రీ 593లో మరణించిన ఇమామ్ మర్గీనానీ తన ‘హిదాయా’లో ఈ విషయానికి ఒక అధ్యాయమే కేటాయించారు. ముస్లిమేతర రాజ్యానికి అభయంతో వెళ్ళిన ముస్లిం వర్తకుడు అక్కడివారి ధనప్రాణాల జోలికి పోరాదు. అభయం కోరినప్పుడే అతడు ఆ మాట ఇచ్చినట్లు. నేటి పండితులు పలువురు వీసాను ఈ అమాన్‌తోనే పోల్చారు. ఒప్పందాలను నెరవేర్చమన్న ఆజ్ఞతోనే సూరా అల్ మాయిదా ఆరంభమవుతుంది. ముస్లిం దేశానికి వెళ్ళేవానికి ఈ బాధ్యత తగ్గుతుందా?

విద్యార్థి చేత ఆ కాగితం తెప్పించి చదివాము. అది సందర్శన వీసా. దానిపై కొలువు చేయడం అక్కడి చట్టానికి విరుద్ధం. పట్టుబడితే జరిమానా, బహిష్కరణ. యజమాని జీతం ఎగవేస్తే ఫిర్యాదుకు వెళ్ళడానికీ భయమే. ఏజెంటుకు చెల్లించిన సొమ్ము తల్లి నగలు కుదువబెట్టి తెచ్చినది. “అందరూ ఇలాగే వెళుతున్నారు హజ్రత్” అన్నాడు. “అందరి తరఫున నీవు జవాబు చెప్పనక్కరలేదు, నీ మాటకు నీవే జవాబుదారువు” అన్నాము. అతడు ప్రయాణం ఆపుకున్నాడు. సొమ్ము ఇంకా తిరిగి రాలేదు.

తల్లిదండ్రులారా! బిడ్డను సాగనంపే ముందు ఆ పత్రాన్ని మీరూ చూడండి. వీసా రకం, గడువు, యజమాని పేరు, జీతం ఒప్పందం చదివించుకోండి. ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉన్నదీ లేనిదీ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో తెలుసుకోవచ్చు. సొమ్ము చెల్లించక మునుపే ఈ పని జరగాలి.

అల్లాహ్ మన ప్రయాణాలను హలాల్ సంపాదనకు మార్గం చేయుగాక! ఆమీన్.