రైతు కథకు మార్కులెవరు వేయాలి?

కథల పోటీలు పత్రికాఫీసులు దాటి ఇప్పుడు మన చేతుల్లోని ఫోన్లలోకి వచ్చేశాయి. ఒక అంశం ఇస్తారు, గడువు పెడతారు, వచ్చిన కథలను గ్రూపులో అందరి ముందూ ఉంచి చర్చిస్తారు, చివరికి మార్కులు వేస్తారు. ‘కౌలు’ అంశంగా జరిగిన అలాంటి ఒక పోటీలో కథలు చదివి మార్కులు వేయమని మన సంఘం కార్యకర్తలను అడిగారు. పనుల రోజుల్లో ఈ కథల గోలేమిటని కొందరు సభ్యులు విసుక్కున్నారు. కథలన్నీ చదివి, చర్చల్లో కూర్చున్న తర్వాత మేము ఒక అభిప్రాయానికి వచ్చాం. దాన్ని సభ్యులందరి ముందూ పెడుతున్నాం.

రైతు కథను తూచే రాయి ఒకటి రైతు దగ్గరే ఉంది. అది లెక్క. అప్పు ఎక్కడ మొదలైంది, ఎవరి దగ్గర తెచ్చారు, ఏ షరతు మీద తెచ్చారు, పంట చేతికొచ్చాక అది ఎవరింటికి పోయింది? ఈ లెక్క తెలిసి రాసిన కథ రైతు కథ అవుతుంది. ఈ లెక్క లేని కథ ఎంత కన్నీరు పెట్టించినా రైతు మీద జాలి కథగానే మిగిలిపోతుంది.

మేము చదివిన కథల్లో ఎక్కువ భాగం పురుగుమందు డబ్బా దగ్గరో, వేపచెట్టు కొమ్మ దగ్గరో ముగిశాయి. అలా రాయకూడదని మేము అనడం లేదు. ఆ చావులు మన ఊళ్లలో జరుగుతున్నవే. ఆ ఇళ్లకు ముందుగా వెళ్లేది మనమే. కానీ ఈ కథల్లో మొదటి పేరాలో వాన ముఖం చాటేస్తుంది, రెండో పేరాలో వేళ్ల నిండా ఉంగరాలున్న వడ్డీ వ్యాపారి వాకిట్లో నిలబడి అరుస్తాడు, మూడో పేరాకు రైతు ఉండడు. ఇవాళ కౌలు రైతుకు అప్పు ఇచ్చేవాడు చాలాచోట్ల ఎరువుల కొట్టు యజమాని. విత్తనం, ఎరువు, మందు అరువు మీద ఇస్తాడు. పంట తన దగ్గరికే తేవాలంటాడు. ధర తనే చెబుతాడు, వడ్డీ తనే కడతాడు. అతను అరవడు. ‘‘రా బాబాయ్, కూర్చో’’ అని టీ తెప్పిస్తాడు. ఆ టీ గురించి రాసిన కథ ఒక్కటే కనబడింది.

మరో కథలో మిరప తోటను ఒక్కరోజులో కొడవళ్లతో కోసి బండికెత్తారు. దాని మీద గ్రూపులో పెద్ద చర్చే జరిగింది. భాష బాగుంది, పాత్రలు బాగున్నాయి, ఇంత చిన్న పొరపాటుకు మార్కులు తగ్గించడం అన్యాయమని చదువుకున్న మిత్రులు వాదించారు. మన మహిళా సభ్యురాలొకరు దానికి జవాబు చెప్పారు. మిరపకాయను చేత్తో తుంచుతారు. మూడు నాలుగు కోతలు కోయాలి. ప్రతి కోతకూ కూలీలను పిలవాలి, కూలి డబ్బు చేతిలో పెట్టాలి. మొదటి కోత కాయ కల్లంలో ఆరుతుండగానే రెండో కోతకు డబ్బు కావాలి. అమ్మకం కాకముందే మళ్లీ అప్పు చేయాల్సి వచ్చేది అక్కడే. ‘‘కోత తెలియనివాళ్లకు అప్పు ఎలా తెలుస్తుందన్నా?’’ అని ఆమె అడిగారు. ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఇలాంటి చోట వ్యవసాయం తెలియకపోవడమంటే కథకు మూలమే తెలియకపోవడం.

ఇదంతా కథల వ్యవహారమే కదా అని తీసిపారేయడానికి లేదు. మన కథలకు మార్కులు వేసే మరో కమిటీ చాలాకాలంగా ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో 421 నంబరు జీవో వచ్చిన నాటి నుంచి, రైతు ఆత్మహత్య చేసుకుంటే రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారుల త్రిసభ్య కమిటీ విచారణ జరపాలి. చనిపోయినవాడు రైతేనా, వ్యవసాయ అప్పుల వల్లే చనిపోయాడా అన్నది వాళ్లు తేల్చాలి. పాసు పుస్తకం చూపమంటారు, అప్పు పత్రాలు చూపమంటారు. నోటిమాట మీద కౌలు చేసినవాడికి ఆ రెండూ ఎక్కడివి? కుటుంబ కలహాలు, తాగుడు, అనారోగ్యం అని రాసి ఫైలు మూసేస్తే ఆ ఇంటి కథ అక్కడితో తిరస్కరణకు గురైనట్టే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు రావాలంటే భూ యజమాని సంతకం పెట్టిన ఒప్పందం ఉండాలి. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకు దక్కింది తప్ప కౌలుదారుకు దక్కలేదు. కాగితం లేని రైతు చెప్పే మాటను ఎవరు నమ్ముతారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. అందుకే కౌలు రైతు కథను సరిగ్గా చదవడం నేర్చుకోవడం సంఘానికి పనికొచ్చే పని.

మేము అందరికంటే ఎక్కువ మార్కులు వేసిన కథ సరిగ్గా దీని గురించే. భర్త పోయిన ఇంటికి అధికారులు వస్తారు. పాసు పుస్తకం అడుగుతారు. ఆమె దగ్గర లేదు. సాయంత్రం ఆమె భూ యజమాని ఇంటికి వెళ్లి, తన భర్త ఆ పొలం చేశాడని ఒక సంతకం పెట్టమంటుంది. సంతకం పెడితే భూమి చెయ్యి జారుతుందేమోనని ఆయన భయం. పెట్టనంటాడు. కానీ వచ్చే ఏడు పొలం నువ్వే చేస్తావా అని అడుగుతాడు. ఆమె కాసేపు నిలబడి, ‘‘కౌలు ఎంతో చెప్పండి’’ అంటుంది. కథ అక్కడే ఆగుతుంది.

దీని మీద మన వాళ్లలోనే వాదన వచ్చింది. ఇది లొంగిపోవడం కాదా, సంఘం ఎక్కడుంది, పోరాటం ఎక్కడుంది అని కొందరన్నారు. మా అభిప్రాయం వేరు. ప్రతి కథ చివరా జెండా ఎగరాలని కోరితే రచయితలు మనకు జెండాలే పంపుతారు, మనుషులను పంపరు. ఆమె ఎందుకు ఆ మాట అనాల్సి వచ్చిందో కథ చూపించింది. ఆ మాట అనాల్సిన అవసరం లేకుండా చేయడం మన పని. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథ 1960ల్లో వచ్చింది. ఒక దళిత రైతు అప్పు మీద ఊరి పెద్దలు నడిపిన తగువు ఆ కథ. దాని ముగింపు సరైనదా కాదా అన్న వాదన దశాబ్దాల పాటు సాగింది. ఆ వాదన వల్ల కథకు నష్టం జరగలేదు. అప్పు లెక్కను తెలుగు పాఠకులు మళ్లీ మళ్లీ తిరగేసేలా చేసింది.

పోటీల వల్ల ఒరిగేదేమీ లేదన్న మాటతో కూడా మేము ఏకీభవించం. కరువు రోజుల్లో గొర్రెలను నల్లమలకు తోలుకుపోయే కాపరుల బతుకు సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ నవలగా 2019లో తానా పోటీలో బహుమతి పొందాకే చాలామంది దృష్టికి వచ్చింది. తెలిసినవాళ్లు రాస్తే, తెలిసినవాళ్లు చదివితే పోటీ మంచిదే.

కాబట్టి మేము కోరేది ఇది. రైతు అంశంగా కథల పోటీ పెట్టేవాళ్లు న్యాయనిర్ణేతల్లో ఒక కౌలు రైతును, ఒక వ్యవసాయ కూలీ మహిళను తప్పనిసరిగా కూర్చోబెట్టాలి. చదవడం రానివారైతే కథను చదివి వినిపించాలి. చెవితో విన్నప్పుడు అబద్ధం ఇంకా త్వరగా దొరుకుతుంది. అక్షర దోషాలకు మార్కులు కోయొద్దు, లెక్క దోషాలకు కోయండి. బహుమతి రాని ప్రతి రచయితకూ ఎందుకు రాలేదో రెండు వాక్యాలు రాసి పంపాలి. కారణం చెప్పకుండా ఫైలు మూసే పద్ధతి మనకు బాగా తెలుసు, దాన్ని మనం పాటించొద్దు.

మన శాఖలు కూడా వచ్చే నెల సమావేశాల్లో ఒక అరగంట దీనికి కేటాయించాలి. ఒక కథ పైకి చదవండి. బాగుందా లేదా అని అడగకండి. ఈ కథలో రైతుకు రావాల్సిన డబ్బు ఎక్కడ ఆగిపోయిందని అడగండి. జవాబులు రాసి పెట్టుకోండి. రేపు కమిటీ మన ఊరికి వచ్చినప్పుడు ఆ ఇంటి తరఫున మాట్లాడటానికి ఆ అలవాటు పనికొస్తుంది.